ఏటిగట్టున నిలిచిన రైలు

హైదరాబాదు నగరమున జూబిలీ బస్సు స్టేషను కడనుండి దక్షిణాభిముఖమై బయలుదేరు మెట్రో రైలు 11 కిలోమీటర్లు నడచి, మూసీనది చెంతనున్న మహాత్మాగాంధీ బస్సు స్టేషనునకు వచ్చి నిలిచిపోవుచున్నది. ఏటి నావల హైకోర్టు. ఇంకొంత దూరమున చార్మినారు. దాని వెనుక షాలిబండ, అలియాబాదు, ఫలక్‌నుమా. ఈ బండి వాస్తవమునకు ఫలక్‌నుమా వరకు పోవలసినదే. 2010 సెప్టెంబరులో నాటి ప్రభుత్వమునకును ఎల్ అండ్ టీ కంపెనీకిని కుదిరిన యొడంబడికయం దట్లే యున్నది. తక్కిన రెండు దారులును పూర్తియైనవి. మియాపూరునుండి ఎల్.బి. నగరు వరకు నొకటి, నాగోలునుండి రాయదుర్గము వరకు నొకటి, ఇంచుమించు 29 కిలోమీటర్ల చొప్పున నడచుచున్నవి. మూడవది మాత్రమే సగములో తెగిపోయినది. తెగిన భాగ మెంత? అయిదున్నర కిలోమీటర్లు!

2017 నవంబరు 28వ తేదీన ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారు మొదటి బండిని నడపించిరి. 2020 ఫిబ్రవరి 7వ తేదీన నాటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావుగారు జూబిలీ బస్సు స్టేషను దారిని తెరచిరి. నాటితో 69 కిలోమీటర్ల రైలుమార్గమును 57 స్టేషన్లును నగరమునకు సమకూడెను. ఇది యెంతమాత్రమును చిన్న కార్యము కాదు. చేసినవారిని మెచ్చుకొనుటకు మాకు సంకోచము లేదు. కాని యే పట్టణమునుబట్టి యీ మహానగరమునకు హైదరాబాదను పేరు వచ్చెనో, ఆ పట్టణమునకే యీ రైలు చేరలేదు. 1591లో చార్మినారు నెత్తినవారి సంతతి నేటికిని బస్సు నందు వ్రేలాడుచు, ఆటోకై వీథిలో నిలిచి బేరమాడుచు కాలము గడపుచున్నది. ఇందులకు కారణ మేమి? దోష మెవ్వరిది? ఇక చేయవలసిన దేమి? ఈ మూడు ప్రశ్నలను నేడు పాఠకుల సమక్షమున నుంచుచున్నాము.

ముందుగా రైలు లేకపోవుట యనిన నేమో తెలిసికొనవలెను. దూరమును కిలోమీటర్లతో కొలుచువాడు ఇంజనీరు. గంటలతోను కాసులతోను కొలుచువాడు కూలివాడు. ఫలక్‌నుమా వద్ద కాపురముండు ఒక యువకునకు మాదాపురములో పని దొరికిన దనుకొందము. అతడు తెల్లవారగనే షేరు ఆటో యెక్కి, చార్మినారు సందడిలో చిక్కి, మహాత్మాగాంధీ బస్సు స్టేషను చేరి, అచట మెట్రో నెక్కి, అమీరుపేటలో దిగి మరియొక బండి మారి పోవలెను. రైలు లోపలి ప్రయాణ మాతనికి సులభమే. రైలు వద్దకు చేరుటయే దుర్ఘటము. మియాపూరు వాసికి స్టేషనువద్ద ప్రయాణము మొదలగుచున్నది. పాతబస్తీ వాసికి స్టేషను చేరునప్పటికే సగము శక్తి ఖర్చగుచున్నది. ఇట్లు ప్రొద్దున నొక గంట, మాపున నొక గంట పోయినచో, నెలకు 25 పనిదినములకు 50 గంటలు. ఎనిమిది గంటల పనిదినములతో లెక్కించిన ఆరు దినముల పైచిలుకు. ఆ ఆరు దినముల కూలి యెవ్వ రిత్తురు? ఈ పన్ను నే శాసనసభయు విధింపలేదు, ఏ పద్దులోను కానరాదు; అయినను నెలనెలయు వసూలగుచునే యున్నది.

ఇక ఆడపిల్లల సంగతి. కూతురునకు చదువునో యుద్యోగమునో దొరికినప్పుడు తల్లిదండ్రులు మొదట నడుగు ప్రశ్న, జీత మెంత యని కాదు. చీకటిపడిన పిమ్మట నింటి కెట్లు వచ్చు నని. దీపములు వెలుగుచు, జనము మెలగుచు, వేళకు వచ్చు రైలు ఆ ప్రశ్నకు సమాధానము. ఆ సమాధానము లేనిచోట పిల్ల యింటనే యుండిపోవును. ఇట్లు ఉండిపోయినవారి లెక్క యే కంపెనీ నివేదికలోను రాదు. రైలెక్కినవారిని లెక్కించు యంత్రము కలదు గాని, రైలు లేక యాగిపోయినవారిని లెక్కించు యంత్రము లేదు. 2023 డిసెంబరు 9వ తేదీనుండి రాష్ట్రమున స్త్రీలకు సర్కారు బస్సులలో నుచితప్రయాణ మబ్బినది. అది గొప్ప యుపకారమే. కాని టిక్కెట్టు లేని బస్సయినను ఇరుకువీథిలో చిక్కిన చిక్కినదే. ఉచితముగ నాలస్యమగుటయు నాలస్యమే గదా!

ఇట్టి యుపేక్ష నేడు క్రొత్తగ పుట్టినది కాదు. 1874లో వాడినుండి వచ్చిన రైలు సికిందరాబాదు చేరెను. నాంపల్లి స్టేషను 1907లోను, కాచిగూడ స్టేషను 1916లోను వెలసినవి. ఈ మూడును మూసీకి ఉత్తరముననే యున్నవి. కాచిగూడనుండి దక్షిణముగ సాగిన పట్టాలు ఏరు దాటి మలక్‌పేట, దబీర్‌పుర, యాకుత్‌పుర, ఉప్పుగూడల మీదుగ ఫలక్‌నుమా చేరినను, అవి పట్టణపు తూర్పంచు నంటి పోవుచున్నవే గాని నడుమ కాలిడలేదు. 1932 జూనులో నిజాము రైల్వే వారు 27 బస్సులతో రహదారి రవాణా మొదలిడిరి. నాటినుండి నేటి వరకు పాతబస్తీకి బస్సే దిక్కు. నగరము పడమరకు పెరిగెను. కచేరీలు పోయెను, కంపెనీలు పోయెను, పెద్ద యాసుపత్రులు పోయెను. పనియున్న చోటు దూరమైన కొలదియు, పనిచేయువానికి బండి యవసరము పెరుగవలెను గదా! ఇచట దానికి విరుద్ధముగ, పనియున్న చోటికే బండి పోయినది. పనివాడున్న చోటికి రాలేదు.

కారణమును విచారింతము. ఈ మెట్రోను సర్కారు తన సొమ్ముతో కట్టింపలేదు. కంపెనీ పెట్టుబడి పెట్టి, కట్టి, నడపి, రాబడినుండి తన సొమ్ము రాబట్టుకొనునట్లు ఒడంబడిక. కేంద్రప్రభుత్వ మీయ నంగీకరించిన సాయము 1,458 కోట్ల రూపాయలు. మిగిలినది కంపెనీవారి మూలధనమును బ్యాంకుల యప్పును. ప్రయాణికుల రుసుముతోబాటు స్టేషన్లవద్ద సర్కారిచ్చిన స్థలములలో అంగడి మేడలు కట్టి యద్దెలు పొందుటయు నా యేర్పాటులోని భాగము. అద్దెలు మిక్కుటముగ వచ్చు చోటు లెవ్వి? అమీరుపేట, పంజగుట్ట, హైటెక్ సిటీ. ఇరుకు సందులును, పాత మండువా యిండ్లును, వక్ఫు భూములును గల షాలిబండలో అంగడి మేడ కెడమెక్కడ? వర్తకుడు లాభమున్న చోటికి పోవుట వర్తకధర్మము. ఆతనిని నిందించి ఫలము లేదు. నిందింపవలసినది, రాజ్యము తాను చేయవలసిన కార్యమును వర్తకుని త్రాసులో పెట్టి తూచిన తీరును. త్రాసునకు బరువే తెలియును, ఆవశ్యకత తెలియదు.

దీనికి దృష్టాంత మొకటి చాలును. 2022 డిసెంబరు 9వ తేదీన నాటి ప్రభుత్వము రాయదుర్గము నుండి శంషాబాదు విమానాశ్రయము వరకు 31 కిలోమీటర్ల మెట్రోకు శంకుస్థాపన చేసెను. దాని యంచనా 6,250 కోట్లు. ఆనాటికి పాతబస్తీ దారికి శంకుస్థాపన సైతము జరుగలేదు. విమాన మెక్కువానికి రైలు ముందు, బస్సెక్కువానికి వెనుక! విమానాశ్రయమునకు రైలు వలదని మేమనము. పోవుటకు మోటారు గలవానికి రెండవ బండి సమకూర్చుటకు ముందు, బండియే లేనివానికి మొదటి బండి నీయవలె నందుము. ఆ విమానాశ్రయపు దారిని 2023 డిసెంబరులో వచ్చిన క్రొత్త ప్రభుత్వము రద్దుచేసి, పాతబస్తీ మీదుగ చాంద్రాయణగుట్టకును, అచట విమానాశ్రయపు దారికిని కలుపునట్లు పథకమును మార్చెను. 2024 మార్చి 8వ తేదీన ముఖ్యమంత్రి రేవంతరెడ్డిగారు ఫలక్‌నుమాలో శంకుస్థాపన చేసిరి. తరువాత దారిని చాంద్రాయణగుట్ట వరకు పొడిగించి ఏడున్నర కిలోమీటర్లుగ నిర్ణయించిరి. దీని యంచనా 2,741 కోట్లు. 2024 నవంబరులో కేంద్రమునకు పంపిన 76.4 కిలోమీటర్ల రెండవ విడత పథకములో నిదియు నొక భాగము. మొత్తము పథకము విలువ 24,269 కోట్లు. సంకల్పము మంచిదే. కాని మొదటి విడతలో పూర్తికావలసిన యప్పును రెండవ విడతలో నొక క్రొత్త కోరికగ వ్రాసికొని, కేంద్రపు టనుమతికై బారులో నిలబెట్టుట యెట్టి న్యాయమో మాకు బోధపడకున్నది. పాతబస్తీవారు క్రొత్త వరము నడుగుట లేదు. పాత బాకీ నడుగుచున్నారు.

ఆలస్యమునకు చెప్పబడు కారణములు మూడు. మొదటిది పవిత్రస్థలములును ప్రాచీన కట్టడములును. ఈ దారి దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబారు చౌకు, అలీజా కోట్ల, మీర్ మోమిను దాయిరా, హరిబౌలి, షాలిబండ, శంషేరుగంజి, అలియాబాదుల మీదుగ పోవలెను. ఈ వీథుల పొడవున మసీదులు, దేవాలయములు, ఆషుర్‌ఖానాలు, దర్గాలు, చిల్లాలు నూటికి మించి యున్నవి. వానికి హాని కలుగరాదనుట సర్వసమ్మతము. చార్మినారువంటి రక్షిత కట్టడములకు 100 మీటర్ల లోపల నిర్మాణము కూడదని 2010లో సవరింపబడిన కేంద్రశాసనము కలదు. దారిని చార్మినారునకు ప్రక్కవీథిన, ఇంచుమించు అరకిలోమీటరు దూరముగ తీసికొనిపోవుట అందులకే. ఇంజనీర్లు స్తంభములను జరిపి, వంపులను మార్చి పవిత్రస్థలములను కాపాడుదు మనుచున్నారు. అది మాటగ నుండక, ప్రతి కట్టడమునకును పటముపై గీతగీసి ప్రజలకు చూపవలెను. చీకటిలో పోయిన గీతయే కలహమునకు మూలము; వెలుగులో గీచిన గీతకు శత్రువులు తక్కువ.

ప్రాచీన నగరమున రైలు దుస్సాధ్యమనువారు ఢిల్లీవైపు చూతురుగాక. షాజహాను కట్టించిన పట్టణము హైదరాబాదు పాతబస్తీకంటె విశాలమైనది కాదు. దానికంటె నిరుకుదనము తక్కువదియు కాదు. 2005 జూలైనుండి చాందినీ చౌకు క్రింద మెట్రో నడచుచున్నది. 2017 మే 28వ తేదీన ఢిల్లీ గేటు, జామా మసీదు, ఎర్రకోట స్టేషన్లను తెరచిరి. నేడు జామా మసీదునకు నమాజునకు పోవువాడును, ఎర్రకోటను చూడబోవువాడును భూమిక్రిందినుండి మెట్లెక్కి వెలుగులోనికి వచ్చుచున్నాడు. మసీదు పడలేదు, కోట కదలలేదు. భూగర్భ మార్గమునకు వ్యయ మధిక మనుట సత్యమే. అయినను ఢిల్లీలో సాధ్యమైనది, ధనము నిశ్చయమునుబట్టి దొరకునని తెలుపుచున్నది. హైదరాబాదులో స్తంభముల మీదనే పోవుటకు నిర్ణయించిరి, వ్యయము తగ్గినది. తగ్గిన వ్యయమునకు తోడుగ నిశ్చయమైనను హెచ్చవలదా?

రెండవ కారణము ప్రజాప్రతినిధుల తగవు. దారి యిటు పోవలె నని కొందరు, అటు పోవలె నని కొందరు, అసలు వలదని కొందరు కొన్ని సంవత్సరములు వాదించిరి. ఇందులో పాతబస్తీ నాయకుల భాగమును దాచుట మా యుద్దేశము కాదు. ఆస్తులు పోవునని యడ్డుచెప్పిన నాలుకయే, రైలు రాలేదని నిందింపరాదు. తమవారి యింటిని కాపాడుట నాయకుని ధర్మమైనచో, తమవారి బిడ్డకు త్రోవ చూపుటయు నాయకుని ధర్మమే. అయినను నాయకులు తగవులాడినారని, ఓటు వేసినవానికి శిక్ష వేయుట సర్కారునకు తగదు. ఎల్.బి. నగరు దారిలోను, అమీరుపేటలోను తగవులు లేకుండెనా? అచట తీర్చినవారు ఇచట తీర్పలేకపోయి రనుట, తీర్పదలచుకొనలే దనుటకు మర్యాదగల మారుపేరు.

మూడవ కారణము, ఈ దారిలో జనము చాలరనుట. ఇది వినుటకే వింతగ నున్నది. జూబిలీ బస్సు స్టేషను దారి మూడింటిలోను తక్కువ జనము నెక్కించుకొనుచున్న మాట నిజము. ఎందువలన? గమ్యమును నరికివేసిన దారికి గిరాకి యెట్లు వచ్చును? బావి సగము త్రవ్వి, నీరు పడలేదు గనుక త్రవ్వుట దండుగ యన్నట్లున్నది. చార్మినారు చూడవచ్చు యాత్రికులు, సాలారుజంగు మ్యూజియమునకు వచ్చు బిడ్డలు, హైకోర్టునకు వచ్చు కక్షిదారులు, రంజాను మాసమున లాడ్ బజారునకును పత్తర్‌గట్టికిని వచ్చు జనసముద్రము, వీరందరును ఏటి నావలివారే. దారి యేరు దాటిన నాడు గాని దాని బలము తెలియదు.

ఇట్టి యన్యాయము హైదరాబాదునకే ప్రత్యేకము కాదు. లోకమున మిక్కిలి సంపన్నమైన నగరములలో నొకటగు న్యూయార్కులో రెండవ యవెన్యూ క్రింద సొరంగపు రైలు వేయవలెనని 1919 ప్రాంతములనే తలపెట్టిరి. క్రొత్తది వచ్చునను నమ్మకముతో, ఆ వీథిలోని ఎత్తు పట్టాల రైలును 1942 నాటికి మూసివేసిరి. క్రొత్త దారిలో మొదటి ముక్క 2017 జనవరి 1వ తేదీన గాని తెరువబడలేదు. అదియు నెచట? నగరపు ధనికులు వసించు తూర్పు ప్రాంతమున. బీదలును నల్లజాతివారును స్పానిషు భాషవారును వసించు తూర్పు హార్లెమునకు పోవలసిన రెండవ ముక్కకు సొరంగము త్రవ్వు గుత్త 2025 ఆగస్టులో గాని మంజూరు కాలేదు. పాత బండిని తీసివేసి, క్రొత్త బండిని చూపించి, మూడు తరములను వీథిలో నిలబెట్టిన ఘనత యది. పడమటి దేశములలో కూడ నిట్లే యున్నదిగదా యని మన మూరటచెందుటకు దీనిని వ్రాయలేదు. ఆలస్యమునకు లొంగిన కార్యము, తరము వెనుక తరమును మింగునని హెచ్చరించుటకే వ్రాసితిమి. ధనికుల వీథికి మొదటి ముక్క, బీదల వీథికి మిగిలిన ముక్క యను క్రమ మొకసారి నెలకొనినచో, మిగిలిన ముక్క యెన్నటికిని మిగిలియే యుండును.

ఇక ఆస్తులు కోల్పోవువారి మాట. ఈ దారికై వేయికి మించిన ఆస్తులలో కొంతయో పూర్తిగనో తీసికొనవలెను. చదరపు గజమునకు 81,000 రూపాయల చొప్పున పరిహారము నిర్ణయించి, 2025 జనవరినుండి చెక్కు లీయసాగిరి. ఆ సంవత్సరమున కట్టడములను తొలగించు పనియు జరిగినది. స్వంతదారునకు చెక్కు చేరుట సంతోషమే. కాని పాతబస్తీ వీథులలో స్వంతదారు వేరు, అంగడి నడుపువాడు వేరు. తాతనాటినుండి పది యడుగుల గదిలో గడియారములు బాగుచేయువాడు, గాజులకు రంగురాళ్లు పొదుగువాడు, కుట్టుపని చేయువాడు, టీ కాచువాడు, వీరికి కాగితములు లేవు. బాడుగ రసీదు సైతము కొందరకే యుండును. 2013 నాటి భూసేకరణ శాసనము, భూమి లేకున్నను ఆ తావున మూడేండ్లుగ పనిచేసి జీవించు కౌలుదారులను, చేతిపనివారిని సైతము బాధితకుటుంబములుగ నెంచుచున్నది. శాసనము తలుపు తెరచియున్నది. అధికారి యా తలుపు చూపవలెను. అంగడి పోయినవానికి స్టేషను క్రిందనే అంగడి యిచ్చిన నేమి తప్పు? 1908 సెప్టెంబరు వరద పిమ్మట, 1912లో నేర్పడిన నగరాభివృద్ధి మండలి పత్తర్‌గట్టి వీథిని వెడల్పుచేసి, ఇరుప్రక్కల రాతి తోరణముల యంగళ్ల వరుసను నిలిపెను. నేటికిని అచట వర్తకము సాగుచునే యున్నది. వీథి వెడల్పయినను బజారు చావనక్కరలేదని చూపిన నగర మిదియే.

అయితే మెట్రో వచ్చునంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? వలదు. ఉన్న పట్టాలున్నవి గదా! 2003 ఆగస్టు 9వ తేదీన మొదలైన ఎం.ఎం.టి.ఎస్. లోకలు రైలు సికిందరాబాదునుండి కాచిగూడ, మలక్‌పేట, దబీర్‌పుర, యాకుత్‌పుర, ఉప్పుగూడల మీదుగ ఫలక్‌నుమా పోవుచున్నది. 2023 ఏప్రిలు 8వ తేదీనుండి అది ఉందానగరు వరకు సాగినది. ఇంత మంచి దారి యుండియు, బండ్ల సంఖ్య స్వల్పమగుటచేతను, వేళ నిలుకడ లేకుండుటచేతను జనము దానిని నమ్మరు. దూరప్రయాణపు బండ్లకు త్రోవ నిచ్చుచు లోకలు బండి ప్రక్కన నిలుచుండును. రెండవ విడత పనికి మూడింట రెండుపాళ్లు రాష్ట్రమును, ఒకపాలు రైల్వేవారును భరింపవలసియుండగ, రాష్ట్రపు పాలు సకాలమున చేరక పని యేండ్ల తరబడి సాగినది. కోట్లు పోసి క్రొత్త స్తంభము లెత్తుటకు ముందు, పాత పట్టాల మీద వేళకు బండి నడపుట చౌక గాదా?

మలక్‌పేటలో లోకలు రైలు స్టేషనును మెట్రో స్టేషనును దగ్గరదగ్గరనే యున్నవి. యాకుత్‌పుర వాసి లోకలు బండిలో రెండు స్టేషన్లు పోయి, అచట మెట్రో నెక్కినచో, దారుల్‌షిఫా సందడితోగాని చార్మినారు రద్దీతోగాని పని లేదు. దీనికి వలయు సాధనములు నాలుగు: ప్రొద్దునను మాపునను పావుగంట కొకటిగ బండి, రెంటికిని చెల్లు నొక్కటే టిక్కెట్టు, స్టేషనునుండి స్టేషనునకు నీడయు దీపమును గల నడకదారి, యాకుత్‌పుర, ఉప్పుగూడ స్టేషన్లనుండి లోపలి బస్తీలకు చిన్న బస్సులు. ఇందులకు కేంద్రపు కొత్త యనుమతి యక్కరలేదు, భూసేకరణ లేదు, కూల్చివేత లేదు. రైల్వేవారును, మెట్రోవారును, బస్సులవారును ఒక్క బల్లచుట్టు కూర్చున్న చాలును. మన దేశమున మూడు శాఖలను ఒక్క బల్లచుట్టు కూర్చుండబెట్టుట సొరంగము త్రవ్వుటకంటె కష్టమని చమత్కరింతురు. ఆ చమత్కారమును అబద్ధము చేయుటకు ముఖ్యమంత్రికి శక్తి కలదు.

నేడు మరియొక యవకాశము వచ్చినది. నష్టములు పెరిగినవని చెప్పి ఎల్ అండ్ టీ కంపెనీ తప్పుకొనగోరగ, 2025 సెప్టెంబరులో మొదటి విడత మెట్రోను ప్రభుత్వమే స్వీకరించుటకు సూత్రప్రాయముగ నంగీకారము కుదిరినది. సుమారు 13,000 కోట్ల యప్పుభారమును తన తలకెత్తుకొని, మరి 2,000 కోట్లు కంపెనీ కిచ్చుట యందలి మాట. ఇంతటి భార మెవ్వరిది? రాష్ట్రప్రజ లందరిది. పాతబస్తీలో అగ్గిపెట్టె కొనువాడును, ఉప్పు కొనువాడును ఏదో రూపమున సర్కారు ఖజానాకు పన్ను కట్టుచునే యున్నాడు. ఇంతకాలమును కంపెనీ లాభనష్టములను జూపి, రైలు రాదని యాతనితో చెప్పిరి. ఇకమీద నా మాట చెల్లదు. అప్పులో పాలు పంచినపుడు బండిలో చోటును పంచవలెను. తాను కూర్చుండని బండికి కిరాయి కట్టుమనుట యే శాస్త్రము?

కావున మా విన్నపములు స్పష్టముగ నిట్లున్నవి. రెండవ విడతలోని తక్కిన దారులకు కేంద్రపు టనుమతి వచ్చినను రాకున్నను, మహాత్మాగాంధీ బస్సు స్టేషను మొదలు చాంద్రాయణగుట్ట వరకు గల భాగమును, ఎప్పుడో యొప్పుకొన్న పాత కార్యముగ నెంచి రాష్ట్రము ముందుగ పూర్తిచేయవలెను. ఏ మాసమున నే పని యగునో పటము గీసి ప్రతి స్టేషను తావునను, ప్రతి పఠనమందిరమునను ఉర్దూలోను తెలుగులోను వ్రేలాడదీయవలెను. స్వంతదారుతోబాటు బాడుగదారునకును చేతిపనివానికిని పరిహారమును పునరావాసమును చేకూర్పవలెను. పవిత్రస్థలములపై నింజనీరు చేసిన వాగ్దానమును లిఖితముగ నీయవలెను. లోకలు బండ్లను నేడే హెచ్చింపవలెను. టిక్కెట్టు ధర కూలివాని సంచి కందునట్లుండవలెను. 2025 మేలో హెచ్చించిన ధరలు, రైలు వచ్చినను బీదవాడు వీథిలోనే నిలుచునేమో యను భయమును కలిగించుచున్నవి.

ప్రజలకును ఒక మాట. శంకుస్థాపననాడు చప్పట్లు కొట్టి, మరునాడు మరచిపోవుట మన కలవాటు. రాయి వేసినవారిని పూలదండలతో సత్కరించుట కాదు, ఆ రాతిపై స్తంభము లేచినదా యని నెలనెలయు వెళ్లి చూచుట పౌరధర్మము. ఇది పాతబస్తీవారి తగవే యని తక్కిన పేటలవారు తలచుటయు తప్పు. హయత్‌నగరు, పటాన్‌చెరువు మొదలగు చోట్లవారును నేడు రైలుకై వేచియున్నవారే. పదేండ్లనాడే యొప్పుకొన్న అయిదున్నర కిలోమీటర్లు పూర్తికానిచోట, క్రొత్తగ నొప్పుకొన్న డెబ్బదియారు కిలోమీటర్లు పూర్తియగు నని నమ్ముట కాధార మేమి? పాతబస్తీ రైలే ప్రభుత్వపు మాటకు పూచీ. ఆ పూచీ చెల్లినగాని తక్కిన పేటలకు భరోసా లేదు.

ఈ దారి పోవు చోటులలో మీర్ మోమిను దాయిరా యొకటి యని పైన వ్రాసితిమి. అచట సమాధిలో నున్న మీర్ మోమిను అస్త్రాబాదీ, కుతుబ్‌షాహీ ప్రభువునకు మంత్రియై, యీ పట్టణమునకు వీథులు తీర్చిన ప్రణాళికాకర్తయని ప్రసిద్ధుడు. చార్మినారును నడుమ నుంచి నాలుగు దిక్కులకును నాలుగు రాజమార్గములు తీర్చిననాడు, ఏ దిక్కుననుండి వచ్చువానికైనను నగరము నడిబొడ్డు చేరుటకు త్రోవ యుండవలె నని యాతడు తలచెను. నాలుగువందల యేండ్లకు పిమ్మట అన్ని యంత్రములును, అన్ని కోట్లును చేతనుంచుకొన్న మనము, ఆ నడిబొడ్డునుండి బయటికి త్రోవ చూపలేక యేటిగట్టున బండి నాపియున్నాము. ఆయన సమాధి ప్రక్కనుండి రైలు సాగిననాడు గాని యీ నగరము మరల నొక్కటి కాదు. ఆ దినమును త్వరపెట్టుట పాలకుల విధి. వారిని నిద్రపోనీయకుండుట మన విధి.